ఐదో అంతస్తులో తమలపాకులు

మావయ్య మమ్మల్ని హోటల్లో భోజనానికి పిలిస్తే మా ఇంట్లో ఎవరికీ సంతోషం కలగలేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. ముగ్గురికీ అనుమానమే కలిగింది.

మావయ్య అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మిషను మీద పని. సుపేలా బజారు వెనక అద్దె గది. ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద మా క్వార్టరుకి వచ్చి, అమ్మ వండిన చేపల పులుసు తిని, వరండాలో చాప పరుచుకుని గురకపెట్టి, సాయంత్రం టీ తాగి వెళ్ళిపోయేవాడు. బయట తిండి అంటే అతనికి తెలిసింది రోడ్డు పక్క సమోసాయే. అలాంటి మనిషి ఆదివారం కాని రోజున వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ చెప్పాడు.

"శనివారం సాయంత్రం అందరం బయట తిందుము. మెయిన్ రోడ్డు మీద కొత్త హోటలు లేదా, పైన ఐదో ఫ్లోరు. కిటికీ పక్క టేబులు బుక్ చేసేసినాను."

"ఏటి విశేషం?" అన్నాడు నాన్న.

"విశేషమేటి బావా. ఊరికే."

అమ్మ నన్ను మంచినీళ్ళు తెమ్మంది. నేను గ్లాసు పట్టుకుని వచ్చేసరికి స్కూటరు వీధి మలుపు తిరిగిపోయింది.

ఊరికే ఎవరూ ఐదో ఫ్లోరు ఎక్కరు. తొంభైల నడిమి రోజులవి. అప్పటికి మాది మధ్యప్రదేశే. భిలాయిలో మా వైపంతా ఒంటి అంతస్తు, రెండంతస్తుల క్వార్టర్లే. ఊరిని పైనుంచి చూడాలంటే నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కాలి, అది ఎక్కితే వాచ్‌మన్ తంతాడు. అందుకని ఆ హోటలు తెరిచినప్పుడు ఊరంతా దాని గురించే చెప్పుకున్నారు. లిఫ్టుందట, మూడు వైపులా అద్దాల గోడలట, అక్కడ కూర్చుంటే ఉక్కు ప్లాంటు పొగగొట్టాలన్నీ వరసగా కనిపిస్తాయట. అక్కడికి పోయేవాళ్ళు కాంట్రాక్టర్లు, పెద్దాఫీసర్లు, ఢిల్లీ నుంచి పనిమీద వచ్చే సూటువాళ్ళు. మాలాంటి వాళ్ళు కింద రోడ్డు మీంచి ఆ దీపాలు చూసి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసేవాళ్ళం.

నాన్న ఆ ప్లాంటులోనే, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. ఆయనది సూటి అనుమానం. "ఉద్యోగం మానేసుంటాడు. ఆ మాట నోట్లోంచి రాక తిండి మాటున చెప్పుదామని" అన్నాడు. అమ్మ చీపురు పట్టుకుని ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడుస్తూ తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు చూశాక నా అనుమానమూ అమ్మ ఆశా రెండూ ఒకటేనని నాకు అక్కడే అర్థమైంది. మావయ్య నన్ను పెళ్ళి చేసుకుంటానని చెప్పడానికే పిలుస్తున్నాడు.

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. నేను పుట్టింది శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ ఇంట్లో. పురిటి గది బయట గోలీలు ఆడుకుంటున్న మావయ్యను పిలిచి, అమ్మమ్మ నన్ను గుడ్డలో చుట్టి అతని ఒళ్ళో పడేసి, "ఇదిగోరా, నీ పెళ్ళాం" అందట. మా వైపు ప్రతి ఇంట్లోనూ మేనకోడలు పుడితే అనే మాటే అది. అందరూ నవ్వుతారు, పిల్లవాడు సిగ్గుపడి పారిపోతాడు, అక్కడితో అయిపోతుంది. కొందరిళ్ళలో మాత్రం అక్కడితో అవదు. అమ్మమ్మ పోయేముందు అమ్మ చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే మాట అందని అమ్మ చెబుతుంది. పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి మేం నమ్మాలి.

అమ్మమ్మ పోయాక మావయ్యను అమ్మ భిలాయికి తెచ్చేసుకుంది. మీసం కూడా సరిగా రాని వయసు. మా వరండాలో మంచం వేసుకుని, మా ఇంటి అన్నం తిని, లేతు పని నేర్చుకున్నాడు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడు. దారిలో ఆపి నా ముక్కు తుడిచేవాడు. నాకు పేరుండగా "చీమిడిముక్కు" అనే పిలిచేవాడు. చీమిడి పోయి చాలా ఏళ్ళయినా, నేను డిగ్రీలో చేరినా, ఆ పిలుపు మారలేదు.

ఇంట్లో మేనరికం మాట అప్పుడప్పుడూ హాస్యంగా వచ్చేది, హాస్యంగానే పోయేది. అయితే ఆ ఏడు వేసవి నుంచి అందరూ నవ్వడం మానేశారు. నేను మనుషుల్ని నమ్మే రకం కాను, చిన్నప్పటి నుంచీ అంతే. పోలీసుల ఇంట్లో పుట్టాల్సింది అని నాన్న అనేవాడు. కాబట్టి ఆధారాలు నా కంట పడుతూనే ఉన్నాయి. మొదటిది, అమ్మ తమ్ముణ్ణి "ఒరే" అనడం మానేసింది. అంతకు ముందు రోజుకు వంద ఒరేలు. ఒరే ఆ చొక్కా విప్పు, ఒరే ఎండలో తిరక్కు, ఒరే గాడిదా. అవన్నీ పోయి, "మావయ్య తిన్నాడేమో అడుగు", "మావయ్యకి దిండిమ్మను" అని నా మీదుగా మాట్లాడ్డం మొదలుపెట్టింది. రెండోది, వడ్డన నా చేతికిచ్చింది. మూడోది దసరాకి జరిగింది. అమ్మ నేల మీద కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ కోస్తోంది. మావయ్య లోపలికి రాగానే అమ్మ పమిట భుజం చుట్టూ లాక్కుని లేచి నిలబడింది. అల్లుడు వస్తే అత్తలు లేచినట్టు. మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను వంటింట్లోంచి చూశాను.

ఆ తర్వాత అతనూ మారిపోయాడు. నన్ను చీమిడిముక్కు అనడం మానేశాడు. ఏమీ అనడమే మానేశాడు. నా ముఖం వైపు చూడకుండా కంచం వైపు చూసి తినేవాడు. అది పెళ్ళికొడుకు సిగ్గు అనుకున్నాను. నా దృష్టిలో కేసు అక్కడితో తేలిపోయింది.

మావయ్య చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. నా బాధ అది కాదు. నేను పుట్టింది శ్రీకాకుళం వైపైనా పెరిగిందంతా భిలాయిలో. కాలేజీలో నా పక్కన కూర్చునే, పక్క ఊరు దుర్గ్ నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి మద్రాసు వైపు వాళ్ళ గురించి ఏదో విని, "మామా సే షాదీ? ఛీ" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మీలోనూ ఉందా అని అడిగింది. లేదన్నాను. వాళ్ళలో మామా అంటే తండ్రి తర్వాత తండ్రి. ఇంట్లో తెలుగులో నాకు వరసైన మనిషి, గేటు దాటి హిందీలోకి వెళ్ళగానే తండ్రిలాంటివాడు అయిపోయేవాడు. నేను రోజూ ఆ గేటు దాటి వెళ్ళి రావాలి. నాకు మాత్రం అతను రెండూ కాదు. నా ముక్కు తుడిచిన మనిషి, అంతే. ఆ చేత్తో నా మెడలో తాళి కట్టించుకోవడం నా వల్ల కాదు.

వద్దని చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను. హిందీలో బాగా కుదిరింది. "ముఝే యే షాదీ నహీ కర్నీ" అని స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే ధైర్యంగానే ఉండేది. అమ్మకు చెప్పాల్సింది తెలుగులో. తెలుగులో "నాకొద్దమ్మా" తప్ప ఏమీ తట్టేది కాదు. వంకాయ కూర వడ్డించబోతే అన్నట్టుగా ఉండేది. దాంతో ఎవరి పెళ్ళీ ఆగదు.

శనివారం సాయంత్రం అమ్మ నాకు తన లేత పసుపు పట్టుచీర ఇచ్చింది. హోటలుకి పట్టుచీర ఎందుకన్నాను.

"ఐదో ఫ్లోరు కాదేటే" అంది.

తను వాడే గుడ్డసంచి కాకుండా, పెళ్ళిళ్ళకి పట్టుకెళ్ళే నల్ల హ్యాండ్‌బ్యాగు తీసింది. ఆటోలో నేను తన పక్కన కూర్చున్నాను. గతుకుల్లో బ్యాగు నా మోచేతికి తగిలినప్పుడల్లా పచ్చి తమలపాకుల వాసన వచ్చింది. పక్కనే వక్కల పొట్లం గలగలమంది. అమ్మ ఆకువక్క వేసుకునే మనిషి కాదు. ఆ బ్యాగులో ఉన్నది తాంబూలం. తమ్ముడు నోరు తెరిచి అడగడమే తరువాయి, అక్కడికక్కడే మాట పుచ్చుకోవడానికి సిద్ధపడి వస్తోంది. నేను ఆటోలోంచి దూకేద్దామా అనుకున్నాను. సుపేలా సిగ్నలు దగ్గర ఆటో ఆగింది కూడా. పట్టుచీరతో దూకి ఎక్కడికి పోతాను.

లిఫ్టులో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న తల పైకెత్తి అంకెలు మారడం చూశాడు. తలుపు తెరుచుకోగానే చల్లటి గాలి, మెత్తటి తివాచీ, ఎవరిదో నవ్వు. కిటికీ పక్క బల్ల దగ్గర మావయ్య ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. ముందే వచ్చి చాలాసేపైనట్టుంది, గ్లాసులో నీళ్ళు అయిపోయాయి. చొక్కా జేబులో గుండ్రంగా చిన్న డబ్బీ ఒకటి ఉబ్బెత్తుగా కనిపించింది. ఉంగరం.

కూర్చోవడం దగ్గరే పెద్ద తతంగం జరిగింది. అమ్మ నన్ను మావయ్య ఎదురుగా కూర్చోమని కళ్ళతో చెప్పింది. నేను చూడనట్టు నాన్న పక్క కుర్చీ లాక్కున్నాను. అమ్మ లేచి, తనకు గాలి తగులుతోందని నన్ను తన చోటికి మార్చింది. మావయ్య లేచి, బావకి బయట కనబడాలని తన చోటు నాన్నకు ఇవ్వబోయాడు. నాన్న ససేమిరా అన్నాడు.

"రోజూ చూసేదే. తిండి దగ్గర కూడా డ్యూటీయా?" అని అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. కిటికీ పక్క చోటు కోసం జనం ముందే చెప్పి పెట్టుకుంటారనీ, తామే వెతికి ఇచ్చామనీ వెయిటరు చెప్పాడు. నాన్న వెనక్కి తిరగలేదు.

నేను చూశాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. మా క్వార్టర్ల సెక్టార్లు గీతలు గీసినట్టు ఉన్నాయి, మధ్యలో చెట్లు. మా ఇల్లు ఎక్కడో కనుక్కుందామనుకున్నాను కానీ అన్నీ ఒకేలా ఉన్నాయి. వాటి వెనక ఆ చివర నుంచి ఈ చివర వరకూ పొగగొట్టాలు, ఫర్నేసుల నల్లటి ఆకారాలు, మధ్యమధ్యలో తెల్లటి ఆవిరి లేచి కరిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక ప్రతిరోజూ పీల్చిన పొగ అది. ఇక్కడ దాన్ని చూడడానికి మనుషులు మంచి బట్టలు కట్టుకుని వస్తున్నారు. నాకది కూడా ఏదో మోసంలాగే అనిపించింది.

వెయిటరు సూపు తెచ్చాడు. అమ్మ చెంచాతో కలిపి చూసింది.

"గంజిలో మొక్కజొన్న గింజలు ఏసినట్టున్నాది" అంది. తాగలేదు. తర్వాత రోటీలు, పనీరు, చికెను వచ్చాయి. వెయిటరు గరిటె తీసి మావయ్య కంచంలో వడ్డించబోతే అమ్మ ఆపింది.

"భయ్యా, చమ్మచ్ ఇస్‌కో దో" అని నా వైపు చూపించింది. వెయిటరుకు అర్థం కాలేదు.

"హమ్ కర్ దేంగే, మేడమ్" అన్నాడు, తామే వడ్డిస్తామని.

"నహీ, యే కరేగీ."

పక్క బల్ల వాళ్ళు ఇటు చూశారు. వెయిటరు గరిటె నా చేతికిచ్చి, తన ఉద్యోగం ఎవరో లాక్కున్నట్టు పక్కకు నిలబడ్డాడు. నేను పట్టుచీర కొంగు ముడుచుకుని నిలబడి మావయ్యకు పనీరు ముక్కలు వడ్డించాను. ఒక ముక్క జారి తెల్లటి బల్లగుడ్డ మీద పడింది. అతను ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇక అడిగేస్తాడు అనుకున్నాను. నా హిందీ వాక్యం నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఎవరేం తిన్నారో నాకు గుర్తులేదు. నాన్న ఒక్కడే శుభ్రంగా తిన్నాడు.

"వర్క్‌షాపు బాగున్నాదా?" అని నాన్న ఆరా తీశాడు.

"బాగున్నాది బావా."

"నువ్వు అక్కడే ఉన్నావా?"

"అక్కడ కాకపోతే ఎక్కడుంటాను?"

నాన్న అనుమానం అలా వీగిపోయింది. ఆయన ఇంకో రోటీ తీసుకున్నాడు. ఇక మిగిలింది నాది, అమ్మది.

మావయ్య చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. జేబు తడిమి చూసుకున్నాడు. అమ్మ బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, జిప్పు మీద చెయ్యి వేసింది.

"అప్పా, ఒక మాట సెప్పాల" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"సెప్పు" అంది అమ్మ. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నాను దీన్ని సేసుకోను."

సరిగ్గా అప్పుడే ప్లాంటులో ఇనుము కరిగించగా మిగిలిన నిప్పులాంటి స్లాగు గుమ్మరించారు. ఆ వైపు ఆకాశం మొత్తం ఒక్కసారిగా ఎర్రబడింది. హోటల్లో ఉన్నవాళ్ళంతా "దేఖో, దేఖో" అంటూ కుర్చీలు జరుపుకుని అద్దాల దగ్గరకు వచ్చారు. ఒకాయన మా బల్ల మీదుగా వంగి మరీ చూశాడు. తిరిగి చూడనిది మేం నలుగురమే. అమ్మ ముఖం మీద ఆ ఎరుపు కాసేపు ఉండి పోయింది.

నా మటుకు నాకు మొదట కలిగింది సంతోషం కాదు. నన్ను వద్దనడానికి ఇతనెవడు, అనిపించింది. నెలల తరబడి నేను అద్దం ముందు నేర్చుకున్న మాట, నాకంటే ముందు, నా మీదే విసిరేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారాక గాని నేను బతికిపోయానన్న సంగతి తలకెక్కలేదు.

"ఎవర్తి అది?" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"ఎవర్తీ లేదప్పా."

"ఎవర్తీ లేకుండానే వద్దంటన్నావా? సత్తీస్‌గఢీ పిల్లా? వర్క్‌షాపు ఓనరు బంధువులా?"

"లేదంటన్నాను గదా."

ఎవరూ లేరన్న ఆ మాటను నేను ఇప్పటికీ సగమే నమ్ముతాను. ఆ మరుసటి ఏడు అమ్మే వెతికి తెచ్చిన పిల్లను తల వంచుకుని చేసుకున్నాడు, నిజమే. అయినా సగమే.

"అమ్మ మాట ఏటవుతాది?" అంది అమ్మ. కళ్ళు నిండిపోయాయి. చుట్టూ చూసింది. పక్క బల్ల మీద సూట్లు వేసుకున్నవాళ్ళు, ఎదర బల్ల మీద ఎవరిదో పుట్టినరోజు కేకు. గట్టిగా ఏడవడానికి లేదు. బల్ల మీద విసనకర్రలా మడతపెట్టి ఉంచిన గుడ్డ తీసి కళ్ళు ఒత్తుకుంది. "ఈ మాట ఇంటికొచ్చి సెప్పలేకపోనావా? ఇక్కడికి ఈడ్సుకొచ్చి సెప్పాలా?"

"ఇంట్లో సెప్తే నువ్వు గదిలో దూరి తలుపేసుకుంటావు. ఊరెల్లడానికి బావ సెలవు పెట్టనప్పుడు ఏసుకున్నావు కాదేటి? తీయించలేక సచ్చినాం. ఇక్కడ నీకు తలుపు లేదు."

నాన్నకు నవ్వొచ్చింది. దగ్గు కింద దాచుకున్నాడు. నాకూ అప్పుడే తెలిసింది, ఐదో అంతస్తూ, కిటికీ పక్క చోటూ, తెల్లగుడ్డలూ దేనికో. మా అమ్మ పదిమందిలో గొంతెత్తదు. ఆ సంగతి తెలిసిన మనిషి వెతికి వెతికి ఆ చోటు పట్టాడు.

"అమ్మ మాటంటావు" అన్నాడు మావయ్య. "నాను గోలీలు ఆడుకుంటంటే పిలిసి దీన్ని నా ఒళ్ళో పడేసినాది. నన్నడిగినాదా, దీన్నడిగినాదా? సరే, అది పోనీ. ఆలకించు. ఏసంగి నుండి నువ్వు నన్ను ఒరే అన్లేదు. ఒక్క తిట్టు తిట్లేదు. దసరాకి నానొస్తే లెగిసి నిలబడ్డావు. నువ్వు నన్ను సూసి లెగడమేటప్పా? ఆ రోజు నా కాళ్ళు సేతులు ఆడలేదు. ఎవరింటికొచ్చినాను నాను అనిపించినాది."

అమ్మ గుడ్డ ముఖం మీంచి తీసింది.

"నాను నీకు అల్లుడినయితే నువ్వు నాకు అత్తవయిపోతావు. మరి నాకు అప్ప ఎవరు? అమ్మ పోయినాక ఉన్నదానివి నువ్వొక్కర్తివి. పెళ్ళాం ఎక్కడైనా దొరుకుతాది. అప్పని ఎక్కడ నుండి తెచ్చుకోను?"

పుట్టినరోజు బల్ల దగ్గర చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ నేను నా మెడలో తాళి గురించే ఆలోచించాను. ఈ మనిషి తన ఒరేలు పోయాయని లోలోపల కుళ్ళిపోతున్నాడని, అంత అనుమానం ఉన్న నాకు ఒక్క పూట కూడా తోచలేదు.

అమ్మ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. నా వైపు తిరిగింది. ఇప్పుడు అనుమానం నా మీదకు వచ్చింది.

"నీకు ముందే తెలుసా? ఇద్దరూ కూడబలుక్కున్నారేటి?"

"తెలీదు" అన్నాను.

"మరి నువ్వేటంటావు?"

పుట్టిన దగ్గర్నుంచి ఈ విషయంలో నన్ను ఎవరైనా అడిగింది అదే మొదలు. హిందీ వాక్యం కోసం వెతికాను. లేదు, ఎక్కడో జారిపోయింది.

"నాకొద్దమ్మా" అన్నాను. అచ్చం వంకాయ కూర వద్దన్నట్టే వచ్చింది. ఎందుకో ఆ రోజు అదే సరిపోయింది.

"ఏటే సీమిడిముక్కా, ఆ ముక్క ముందే సెప్తే నాకు ఈ హోటలు తప్పేది కదా" అన్నాడు మావయ్య. చాలా నెలల తర్వాత నా ముఖం వైపు చూసి అన్నాడు. నేను అతన్ని కొట్టాలనుకున్నాను, ఏడుపొచ్చింది.

నాన్న ఇలాంటి చోట్ల ఏం చెయ్యాలో తెలియని మనిషి. కుర్చీ వెనక్కి తిప్పుకుని మొదటిసారి అద్దంలోంచి చూశాడు. చీకటి పడింది. ప్లాంటు పొడుగునా దీపాలు వెలిగాయి. చాలాసేపు వెతికి వేలు పెట్టి చూపించాడు. "అదిగో, ఆ ఆవిరి లేస్తన్న కాడ. అదే మా కోక్ ఓవెన్ల బ్యాటరీ." "ఇక్కడ నుండి సూస్తే ఇంతే ఉన్నాది" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత వెయిటరును పిలిచి అందరికీ ఐస్‌క్రీము చెప్పాడు. తన ఇష్టంతో ఆయన హోటల్లో ఏదైనా చెప్పడం నేను అంతకు ముందు చూడలేదు.

ఐస్‌క్రీము తింటుండగా మావయ్య జేబులో డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. అంతసేపు నేను ఉంగరం అనుకున్నది తలనొప్పి మందు. ఏడిస్తే అమ్మకు గంటలోపల తలనొప్పి వస్తుంది. ఆ సంగతి తెలిసి ముందే కొని పెట్టుకుని వచ్చాడు.

అమ్మ ఆ డబ్బీ చూసింది. తీసుకోలేదు, తోసెయ్యలేదు. ఒళ్ళో బ్యాగు జిప్పు లాగింది. తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు తీసి బల్ల మీద పరిచింది. పెద్ద పెద్ద ఆకులు, ఏరి తెచ్చినవి. వాటి పక్కన వక్కలు. పసుపు కొమ్ములు బ్యాగులోనే ఉంచేసింది. వెయిటరు దూరం నుంచి అనుమానంగా చూస్తున్నాడు, బయటి తిండి ఇక్కడ తినకూడదని చెప్పాలా వద్దా అని.

అమ్మ ఒక ఆకు తీసుకుని, పట్టుచీర కొంగుతో రెండు వైపులా తుడిచి, తొడిమ గిల్లి, వక్క పెట్టి మడిచింది. ఆ ఆకులు తను దేనికి తెచ్చిందో బల్ల దగ్గర అందరికీ తెలుసు.

"ఒరే" అంది.

మావయ్య చెంచా పక్కన పెట్టి తలెత్తాడు.

"ఇంద, తిను. ఆ గంజీ ఆ రోటీలూ అరగాలి గదా. ఏబ్రాసి ఎదవా, ఎంత కరుసు సేసినావు."

అతను చెయ్యి చాపాడు. అమ్మ చేతిలో పెట్టకుండా, చిన్నప్పుడు ముద్దలు పెట్టినట్టు తిన్నగా నోట్లో కుక్కింది. పక్క బల్ల వాళ్ళు మళ్ళీ చూశారు. ఈసారి అమ్మ లెక్కచెయ్యలేదు. ఇంకోటి మడిచి నాన్నకిచ్చింది, ఇంకోటి నాకు.

"సున్నం లేదేటి?" అన్నాడు నాన్న నములుతూ.

"సున్నం ఎవరు తెస్తారు?" అంది అమ్మ. తలనొప్పి మందు డబ్బీ తీసి బ్యాగులో వేసుకుని, జిప్పు మూసింది.

తాంబూలం వేసుకుంటే నోరు ఎంత పండితే కట్టుకున్నవాడికి అంత ప్రేమ అని మా వైపు ఆడపిల్లల్ని ఆటపట్టిస్తారు. కిందికి దిగే లిఫ్టులో అద్దం ఉంది. నేను మెల్లిగా నాలుక చాపి చూసుకున్నాను. మావయ్య నన్ను చూసి తనూ చూసుకున్నాడు. సున్నం లేని ఆకు కదా, ఎవరి నోరూ పండలేదు.